గృహిణీ గోష్ఠి: నాయకురాలి నెమ్మది

గడచిన వేసవిలో మా నాచారపు వీథి పొదుపు సంఘమున నేనొక సోదరిని పదిమంది యెదుట కసరితిని. ఆ సంగతి వ్రాయుటకు నాకు సిగ్గుగనే యున్నది. అయినను, సంఘము నడుపు స్త్రీలకు మనస్తిమితము ఎట్లు కలుగునని యిద్దఱు ముగ్గురు సోదరీమణులు నన్నడిగి యున్నారు. నా తప్పిదమును దాచిపెట్టి యితరులకు నీతులు చెప్పుట న్యాయము కాదని తోచి, ముందుగా దానినే విన్నవించుచున్నాను.

ఆనాడు తెల్లవాఱినది మొదలు నాకు తీరిక లేదు. అత్తగారికి జ్వరము. ఉప్పల్ కూడలి దాటి పోయి మందులు తెచ్చుసరికి బండ్ల రద్దీలో గంటకు పైగా పట్టెను. 2023లో అచ్చట పాదచారులకొఱకు ఆకాశమార్గము కట్టిరి. నడచువారికది మేలే చేసినది గాని, ఆటోలో కూర్చున్నవారి కేమి లాభము? మధ్యాహ్నము భోజనము సైతము చేయలేదు. సాయంకాలమున లెక్కల పుస్తకము విప్పితిని. బ్యాంకునకు వాయిదా కట్టవలసిన దినము మఱునాడే. ఒక సోదరి యీయవలసిన పదునైదువందల రూపాయలు రాలేదు. కారణ మడుగక పూర్వమే నా నోటినుండి కఱకు మాటలు వెలువడెను. ఆమె తల వంచుకొని కూర్చుండెను. మఱునాటి యుదయమున సొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టి, మాటాడక వెడలిపోయెను. నా కసురుపాటు పని చేసినదని నేను లోలోపల సంతోషించితిని గూడ!

రెండు నెలల పిమ్మట నిజము తెలిసినది. ఆమె పెనిమిటికి మూడు వారములుగా పని లేకపోయెనట. నాకు వెఱచి, ఆ రాత్రియే యామె వడ్డీవ్యాపారి గుమ్మమెక్కి, నూటికి నెలకు పది రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినది. మా సంఘపు నిధినుండి తీసికొనిన అప్పునకు నూటికి నెలకొక్క రూపాయియే వడ్డీ. నోరు తెఱచి యడిగియున్నచో ఆ సొమ్ము అచ్చటనే సర్దియుందుము. నేను వారి యింటికి పోయి క్షమాపణ కోరినప్పుడు ఆమె యన్న మాట యిది: “వదినగారూ, మీకు చెప్పవలెననియే ఆనాడు వచ్చితిని. మీ మొగము చూచి చెప్పలేకపోయితిని.”

వడ్డీవ్యాపారి గుమ్మము తొక్కకుండుటకే గదా సోదరీమణులారా, యీ సంఘములు పుట్టినవి! 1992లో నాబార్డువారు సంఘములను బ్యాంకులతో ముడిపెట్టు పథకము నారంభించిరి. క్రమముగా కలిసికొనుట, క్రమముగా పొదుపు చేయుట, లోలోపల అప్పులిచ్చుకొనుట, గడువునకు తీర్చుట, లెక్కలు సరిగా వ్రాయుట అను పంచసూత్రములు నాకు కంఠస్థములే. నాల్గవ సూత్రమును కాపాడబోయి మూడవదానిని నా చేతులార చెఱచితిని. భయపడిన మనిషి నిజము చెప్పదు. నిజము చెవిని పడని నాయకురాలు ఎంత కష్టపడినను చీకటిలో చేయి యాడించుచున్నట్లే.

అది మొదలు, ఆనాడు నా దేహములో నేమి జరిగినదో తెలిసికొనవలెనని వైద్యశాస్త్ర గ్రంథములు కొన్ని తిరుగవేసితిని. భయము గాని తొందర గాని కలిగినప్పుడు, మూత్రపిండములపై టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగ కొట్టుకొనును. ఊపిరి పైపైన నాడును. కండరములు బిగిసికొనును. పులి యెదురైనప్పుడు పోరాడుటకో పరుగెత్తుటకో యిది కావలసినదే. లెక్కల పుస్తకము ముందు దీనితో పని యేమి? పులి వచ్చి పోవును గాని, యింటి చిక్కులు దినదినము వచ్చుచునే యుండును. ఆ రసములు చిరకాలము హెచ్చుగ నున్నచో నిద్ర చెడును, రక్తపుపోటు పెరుగును. మనము దానిని “నా స్వభావమే అంత” అనుకొందుము.

ఊపిరి పీల్చునప్పుడు గుండె కొంచెము వేగపడి, విడుచునప్పుడు నెమ్మదించును. మెడగుండ గుండెకు దిగు వేగస్ అను నాడి చేయు పని యిది. కావున విడుచు శ్వాసను దీర్ఘము చేసినకొలది గుండె నెమ్మదించును. ప్రాణాయామమున పూరకముకన్న రేచకము రెండింతలుండవలెనని మన పెద్దలు చెప్పినది ఊరక కాదు. నాలుగు లెక్కించుచు పీల్చి, ఎనిమిది లెక్కించుచు విడిచిన చాలును. పదిసార్లు చేయుటకు రెండు నిమిషములు పట్టును. దీనితో కోపము మాయమగునని నేననను. నోరు తెఱచుటకు ముందు కొంత వ్యవధి దొరకును, అంతే.

ఇంతకన్న నాకు మేలు చేసినది ఒక క్రీడాకారిణి కథ. ఉప్పల్ మైదానమున ఆట యున్ననాడు మా వైపునకు ఆటో దొరకదని క్రికెట్టును నేను తిట్టుకొనుచుండుదానను. 2017లోను, 2019లోను ఐపీఎల్ తుదిపోటీలు రెండును అచ్చటనే జరిగి, రెండును ఒక్క పరుగు తేడాతోనే తేలినవి. ఆ రాత్రుల కేకలు మా పిల్లలకింకను జ్ఞాపకమే. అయితే నేను చెప్పునది మన సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్‌గారిని గూర్చి. బాల్యమున భరతనాట్యము నేర్చి, 1999లో భారత జట్టున ప్రవేశించి, 2022 వఱకు ఆడిరి. 2017 జూన్ 24న ఇంగ్లండులోని డెర్బీ పట్టణమున ప్రపంచకప్పు మొదటి పోటీ. ఎదుట ఇంగ్లండు జట్టు. మొదటి జోడీ 144 పరుగులు చేయువఱకు, జట్టు నాయకురాలైన ఆమె కాళ్లకు రక్షణ కవచములు కట్టుకొని, సరిహద్దు దగ్గఱ కూర్చుండి, పారసీక కవి రూమీ గ్రంథమును చదువుకొనుచుండిరి! ఆ చిత్రము లోకమంతట ప్రచారమైనది. పిదప వెళ్లి 71 పరుగులు చేసిరి. మనవారు 35 పరుగుల ఆధిక్యమున గెలిచిరి.

ఆమెకు పుట్టుకతోనే అలజడి లేదని కొందఱందురు. నేనట్లు తలపను. ఆటకు ముందు గుండెదడ తగ్గుటకు చదువుదునని ఆమెయే చెప్పియున్నారు. అలజడి యున్నది కనుకనే దానికి మందు వెదకిరి. మఱియొక సంగతి. నెమ్మది గలవారెల్లరు గెలుతురని భ్రమపడరాదు. అదే సంవత్సరము జులై 23న లార్డ్స్ మైదానమున జరిగిన తుదిపోటీలో మనవారు 229 పరుగులకొఱకు ఆడుచు మూడు వికెట్లకు 191 వఱకు చేరియు, తొమ్మిది పరుగులలో ఓడిరి. నెమ్మది ఆ నాయకురాలికి విజయమును హామీ యీయలేదు. కాని, తరువాత బ్యాటు పట్టవలసిన చిన్న పిల్లలు డెర్బీలో చూచినది పుస్తకము చదువుచున్న నాయకురాలిని. మా సంఘములో చిన్న కోడండ్రు చూచినది గుడ్లురుముచున్న నన్ను!

తిక్కనగారి ఉద్యోగపర్వము చదివినవారికి ధృతరాష్ట్రుని జాగరణము జ్ఞాపకముండును. పాండవుల యొద్దనుండి వచ్చిన సంజయుడు రాజును మందలించి, వారి సందేశము రేపు సభలో చెప్పుదునని పోయినాడు. రాజునకు నిద్ర పట్టలేదు. విదురుని పిలిపించెను. ఆ రాత్రి విదురుడు మొగమోటము లేక నిజము చెప్పెను. రాజు విన్నాడు, విని కొడుకును మాత్రము అదుపు చేయలేదు. ఆయనను మనము నిందింతుము గాని, కటువైన మాట చెప్పుటకు ఆయన యొద్ద ఒక మనిషియైన నుండెను. నా యొద్ద ఎవ్వరును లేకపోవునట్లు నేనే చేసికొంటిని.

ఇందులకు మూలమేమని యాలోచింపగా, అన్ని పనులు నేనే చేయవలెనను పట్టుదల యని తేలినది. లెక్క నాది, బ్యాంకు నాది, తగవులు తీర్చుట నాది. మావారు బడిపంతులు. తరగతిలో అల్లరి హెచ్చినప్పుడు తాము గొంతు తగ్గింతుమని వారు చెప్పగా, “నలువది మంది పిల్లలకు జ్వరము చూడనక్కఱలేదు గదా మీకు” అని నవ్వితిని. నవ్వినను, ఆ మాట మనసున నిలిచినది. ఇప్పుడు బ్యాంకునకు ఒకరు పోవుదురు, సమావేశము పిలుచుట మఱియొకరి వంతు. వాయిదా రానివారిని ముందునాడే వారి యింటికి పోయి ఒంటిగా అడుగవలెనని నియమము పెట్టుకొంటిమి. ఆకలితో ఎవ్వరును లెక్కలు విప్పరాదనుట నేను పెట్టిన నియమము. అందఱు నవ్విరి, ఒప్పుకొనిరి.

వారముల తరబడి నిద్ర పట్టకున్నను, గుండెదడ వీడకున్నను, ఊపిరి లెక్కించుచు కూర్చుండక వైద్యుని చూడవలెను. బయటికి పోవుటకు వీలుపడనివారు 2022లో ప్రభుత్వము ఆరంభించిన టెలిమానస్‌కు 14416 సంఖ్యలో మాటాడవచ్చును. అత్తగారు వినునని సంకోచమైనచో మేడమీదికి పోయి మాటాడుడు.

లెక్కల పుస్తకము ఇప్పుడు ఆనాడు నేను కసరిన సోదరి యొద్దనే యున్నది. వ్యాపారి అప్పును సంఘపు అప్పుతో తీర్చివేసినది. మొన్నటి మాసమున నా వాయిదాయే సిద్ధము కాలేదు. ఆమె ముందునాటి సాయంకాలము మా యింటికి వచ్చి, మజ్జిగ త్రాగి, అత్తగారి ఆరోగ్యము విచారించి, ఇంటి సంగతులన్నియు అయిన పిమ్మట, “వదినగారూ, రేపటి సంగతి యేమి చేయుదము?” అని నెమ్మదిగా అడిగినది.