మైక్రోఫోను ముందు వాగ్గేయకారుడు

ప్రయోగశీల సంగీతకర్త అనగానే మన విద్యార్థుల చూపు పాశ్చాత్య దేశాలపై నిలుస్తుంది. కొంత చదివినవారైతే, 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో మూగ్ సింథసైజరును నెలకొల్పిన ఉదంతం చెబుతారు. అంతకు పాతికేళ్లకు పైగా ముందే ఒక తెలుగు కవి మైక్రోఫోనును కొత్త వాద్యంగా చేపట్టిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తురాదు.

ఆయన బాలాంత్రపు రజనీకాంతరావు. 1920లో నిడదవోలులో జన్మించారు. వేంకట పార్వతీశ్వర కవులలో ఒకరైన వేంకటరావు కుమారులు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చదివి, 1941లో మద్రాసు రేడియో కేంద్రంలో చేరారు. రంగస్థల నటుడు చివరి వరుసకు వినిపించేటట్లు గొంతెత్తి పద్యం పాడవలసి వచ్చేది. మైక్రోఫోనుకు నిట్టూర్పు కూడా వినిపిస్తుంది. ఈ భేదాన్ని గ్రహించినవాడే రేడియోకు పాట వ్రాయగలడు. రజని సంగీత రూపకాలలో మాట, బాణీ, ధ్వని ఒకే చేతిమీదుగా రూపొందాయి. కొండనుండి కడలి దాకా అనే రూపకం జపానులో అంతర్జాతీయ బహుమతి పొందింది. స్వాతంత్ర్యోదయ వేళ టంగుటూరి సూర్యకుమారి కంఠాన విన్న ‘మాదీ స్వతంత్ర దేశం’ కూడా ఆయన రచనే.

అయితే ఈ ప్రయోగశీలి పేరు చాలాచోట్ల కనబడదు. ప్రభుత్వోద్యోగి గనుక సినిమాలకు బాహాటంగా పనిచేయరాదు. 1945 నాటి ‘స్వర్గసీమ’లో భానుమతి పాడిన ‘ఓహో పావురమా’ ఆయన సృష్టే అయినా ఆయన పేరు తెరకెక్కలేదు. ఆ పాటకు ఒక హాలీవుడ్ చిత్రగీతం ప్రేరణ కదా, అందులో ప్రయోగమేమున్నదని కొందరంటారు. పరదేశపు స్వరగతిలో తెలుగు మాట ఎబ్బెట్టు లేకుండా ఇమడడం తేలికైన పని అని నేననుకోను.

ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లో సాహిత్య అకాడెమీ బహుమతి పొందింది. ఆ గ్రంథం మనకు అందుబాటులో ఉన్నది. గ్రంథకర్త స్వయంగా వాగ్గేయకారుడన్న సంగతి మాత్రం తరగతిలో మరుగున పడుతున్నది. ఆనాటి ప్రసారాలు చాలావరకు ప్రత్యక్షంగా సాగినవి. గాలిలో వెళ్లినది గాలిలోనే కలిసిపోయింది. ముద్రితమైనదే సాహిత్యమని పాఠ్యప్రణాళిక తలచినంతకాలం, మిగిలిన కొద్దిపాటి టేపులను అడిగేవారుండరు. ముషాయిరాను చెవితో ఆస్వాదించే ఉర్దూ మిత్రులకు ఈ లోటు నేను వివరించనక్కరలేదు. దక్కన్ రేడియో ఉర్దూ ప్రసారాలు విన్న తరం కూడా మన జంటనగరాలలో దాదాపు కనుమరుగైనది.

రజని 2018లో, తొంభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. మన తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి నెలకొక శ్రవణగోష్ఠి జరుపవచ్చును. అందుకు గది ఉన్నది, యంత్రమున్నది. మొదటి గోష్ఠికి కొండనుండి కడలి దాకా ప్రతి ఇవ్వగలరేమో, ఆకాశవాణి వారికి ఒక లేఖ వ్రాయవలసి ఉన్నది.