తుపాకీ పట్టిన రైతుకు దక్కింది జప్తు నోటీసు

అమెరికా స్వాతంత్ర్యం అనగానే బోస్టన్ రేవులో 1773లో ఈస్టిండియా కంపెనీ టీ పెట్టెల్ని సముద్రంలో పారెయ్యడం, 1776 జూలై 4 ప్రకటన, సేనాని వాషింగ్టన్ - ఇవే మన పిల్లలకు చెబుతారు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఓడి లొంగిపోయిన కారన్‌వాలిసే తర్వాత గవర్నర్ జనరల్‌గా మన మీదికొచ్చి, 1793లో బెంగాల్ రైతు నెత్తిన శాశ్వత జమీందారీ పెట్టాడు. అది వేరే కథ. మనం అడగాల్సింది ఒకటుంది. 1783లో సంధి జరిగాక, తుపాకీ పట్టి గెలిపించిన రైతు గతి ఏమయింది?

మసాచుసెట్స్ రాష్ట్రం చూద్దాం. సైనికులకు జీతం బాకీపడి, డబ్బుకు బదులు కాగితాలిచ్చారు. ఇంటికొస్తే అప్పులు. పూట గడవక ఆ కాగితాల్ని రూపాయికి అణాల లెక్కన వ్యాపారులకు అమ్ముకున్నారు. ఆ తర్వాత చిత్రం చూడండి! అవే కాగితాలకు వ్యాపారులకు పూర్తి విలువ చెల్లించాలని ప్రభుత్వం పన్నులు పెంచింది. కట్టాల్సింది ఎవరు? కాగితం అమ్ముకున్న ఆ రైతే. అదీ వెండి, బంగారు నాణేల్లో. పల్లెలో నాణెం ఎక్కడిది? పైగా ఇంగ్లండు వర్తకులు బోస్టన్ షావుకార్లను నిలదీస్తే, షావుకార్లు పల్లె దుకాణదారుల్ని, వాళ్ళు రైతుల్ని నిలదీశారు. కోర్టు డిక్రీ, పశువుల జప్తు, భూమి వేలం. కట్టలేనివాడికి జైలు. మనకు తెలిసిన వరసే.

ఊళ్ళకు ఊళ్ళు అర్జీలు పెట్టాయి. శాసనసభ వినలేదు. 1786 ఆగస్టు 29న పదిహేను వందల మంది దాకా నార్తాంప్టన్ కోర్టును చుట్టుముట్టి జడ్జీలను కూర్చోనివ్వలేదు. కోర్టు కూర్చోకపోతే డిక్రీ లేదు, డిక్రీ లేకపోతే జప్తు లేదు. ఎంత సూటి ఉపాయం! యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసిన చిన్నరైతు డేనియల్ షేస్ తర్వాత వీళ్ళకు నాయకుడయ్యాడు.

అణచడానికి ఖజానాలో డబ్బు లేకపోతే బోస్టన్ ధనికులే చందాలేసుకుని సైన్యాన్ని కూడగట్టారు. అది రాకముందే, 1787 జనవరి 25న, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర ప్రభుత్వ దళాలు రైతుల మీద ఫిరంగులు పేల్చాయి. నలుగురు చనిపోయారు. ఫిబ్రవరి 4న చందాల సైన్యం మంచు తుపానులో రాత్రంతా నడిచొచ్చి మిగిలినవాళ్ళను పీటర్‌షామ్‌లో చెదరగొట్టింది.

ఆ మే నెలలోనే ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ కూర్చుంది. రాజ్యాంగమంతా షేస్‌కు భయపడే రాశారని మేము అనం. కాని తిరుగుబాట్లను అణచే అధికారం కేంద్రానికి ఇచ్చారు. రాష్ట్రాలు కాగితపు డబ్బు వెయ్యకూడదన్నారు, అప్పు ఒప్పందాలను సడలించకూడదన్నారు. ఇవి ఎవరికి పనికొచ్చే నియమాలో రైతును అడిగితే చెబుతాడు. దక్షిణాది బానిస యజమానులకైతే ఐదుగురు బానిసల్ని ముగ్గురుగా లెక్కేసి సీట్లు పెంచారు. ఆ మాటకొస్తే, షేస్ రైతుల పొలాలు కూడా ఆదివాసుల నుంచి పోయిన నేల మీదివే. ఇది దాచి రాస్తే కుదరదు.

ఐతే రైతులు ఊరికే ఓడిపోలేదు. కొద్ది నెలలకే వచ్చిన ఎన్నికల్లో గవర్నరు బౌడన్‌ను జనం ఇంటికి పంపారు. కొత్త సభ పన్నుల భారం తగ్గించింది. మరణశిక్ష పడ్డవాళ్ళలో చాలామందికి క్షమాభిక్ష వచ్చింది, 1788లో షేస్‌కూ వచ్చింది. జాన్ బ్లై, చార్లెస్ రోజ్ అనే ఇద్దరిని మాత్రం 1787 డిసెంబరులో ఉరితీశారు. వాళ్ళ మీద మోపిన నేరం తిరుగుబాటు కాదు, దొంగతనం.