పనసపొట్టు పెట్టే హోటలేది?

విజయనగరంలో డబ్బిచ్చి భోంచేసే చోటు అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది పూటకూళ్లమ్మే. 1892లో తొలిసారి ఆడి, 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో ఆమెకు వృత్తే పేరు. చీపురుకట్ట పట్టుకుని గిరీశం కోసం మధురవాణి ఇంటికొచ్చే ఘట్టంలో జనం నవ్వుతారు. ఆ నవ్వుల్లో ఆమె కష్టం మరుగున పడిపోయింది. పని మీద ఊరికొచ్చిన పరాయివాడికి ఇంటి కూర, ఇంటి చారు వడ్డించి బతికిన మనిషి ఆమె. పూటకూళ్లింట్లో తిన్నవాడు ఆ ఊరి వంట తిన్నట్టే.

ఇవాళ హౌరా-చెన్నై లైన్లో ఇచ్ఛాపురం, పలాస, ఆమదాలవలస, విజయనగరం ఎక్కడ రైలు దిగినా హోటలు బోర్డు మీద ఎక్కువగా కనిపించేవి దమ్ బిర్యానీ, ఫ్రైడ్ రైస్, నూడుల్సు. ఊరివాళ్లు ఇష్టపడే తింటున్నారు, తప్పేం లేదు. కానీ ఉల్లికారం పెట్టిన కూర, ఆవపెట్టిన పనసపొట్టు రుచి చూడాలంటే ఆ ఊళ్లో చుట్టమో స్నేహితుడో ఉండాలి.

హోటలువాళ్ల ఇబ్బందీ నిజమే. పనసకాయ పాలు అంటకుండా చేతులకూ కత్తికీ నూనె రాసుకుని, ముక్క సన్నగా పొట్టయ్యేదాకా కొట్టాలి. ఆవ ముందే నూరి ఉంచితే ఘాటు పోతుంది, పొయ్యి మీద ఉడికితే చేదెక్కుతుంది. కూర దించాకే కలపాలి. పదింటికి వండి మూడింటిదాకా అమ్ముకునే వంటగదికి ఇది కుదిరే పని కాదు. అందుకే పలాసలో జీడిపప్పు కూర దొరికినంత తేలిగ్గా పనసపొట్టు దొరకదు. ఆ పక్కనే ఉద్దానంలో కొబ్బరి, జీడితోపాటు పనస కూడా పండుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు తోటలు పోగొట్టుకున్న రైతులు అక్కడే ఉన్నారు. కాయ వాళ్ల దగ్గరే కొని ఊళ్లోనే వండి పెట్టే హోటలు ఉంటే ఎంత బాగుండును!

చోళ్లదీ అదే కథ. మిగతా చోట్ల రాగులంటారు. రాయలసీమ రాగి సంగటి నాటుకోడి పులుసుతో జతకట్టి హైదరాబాదు హోటళ్లలో దర్జాగా కూర్చుంది. చోడి అంబలి మాత్రం వేసవిలో రోడ్డు పక్క కుండలోనే ఉంది. ఉల్లిపాయ కొరుక్కుంటూ నిలబడి తాగాల్సిందే. 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకు టిఫిను పెడుతున్నారు. పేదవాడికి అది పెద్ద ఆసరా. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వారానికి ఒక్క పొద్దున అక్కడ అంబలి పోస్తే కాదనేవాళ్లుండరు.

శ్రీకాకుళంలోని అరసవిల్లి సూర్యదేవుడి గుడిలో జరిగే రథసప్తమిని 2025లో రాష్ట్ర పండుగ చేశారు. మాఘమాసం, లేత పనసకాయ బజారుకొచ్చే కాలం. దర్శనానికి దూరాల నుంచి వచ్చినవాళ్లు ఆ పూట శ్రీకాకుళంలోనే తింటారు. గుడి దారిలో డ్వాక్రా సంఘాలకు నాలుగు పొయ్యిల చోటు ఇవ్వండి. పొట్టు కొట్టడం, ఆవ పెట్టడం వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.