గరగరమంటే వినాలి గానీ

కంప్యూటర్ చప్పుడు చేయడం నామోషీ అని ఎవరు తీర్మానించారో తెలీదు గానీ, బాగా పాతుకుపోయింది. కొత్త మెషీన్ని పొగడాలంటే మనవాళ్ళు ముందు అనే మాట: "అసలు ఆన్‌లో ఉన్నట్టే తెలీదు." ఆన్‌లో ఉన్నట్టు తెలీకపోవడం సుగుణం ఎప్పుడయింది? తాలింపులో ఆవాలు చిటపటలాడని మూకుడు కనిపెట్టామని ఎవరైనా వస్తే మా అమ్మ గుమ్మంలోంచే పంపించేస్తుంది. కరివేపాకు ఎప్పుడు వెయ్యాలో చెప్పేది ఆ చిటపటే కదా.

హార్డ్ డిస్క్ చప్పుడును నేను సమర్థిస్తున్నాను. పాతరోజుల మీద బెంగతో అనుకునేరు. ఆ బెంగ గ్రామఫోన్లకీ ఇన్లాండ్ లెటర్లకీ చాలినంత ఖర్చయిపోయింది, దీనికి పంచేంత మిగల్లేదు.

ముందు ఏ చప్పుడు ఎక్కడిదో విడదీద్దాం. ఎడతెగని సన్నటి హోరు తిరిగే పళ్ళేలది. నిమిషానికి 7200 చుట్లంటే సెకనుకి 120. దాని మీద అప్పుడప్పుడూ వినపడే కిటకిట, ఆ పళ్ళేల మీద అటూ ఇటూ పరిగెత్తే చేతిది. ఆ చేతిని కదిపేది అయస్కాంతాల మధ్యనుండే ఒక తీగచుట్ట, పేరు వాయిస్ కాయిల్. లౌడ్‌స్పీకర్‌లో ఉండేదాని పేరూ అదే, సూత్రమూ అదే. గొంతు దాని పేరులోనే ఉంది.

హోరు సంగతి వదిలేద్దాం, అది ఉత్త రొదే. 2001లో సీగేట్ తన బరాకుడా ఏటీఏ ఫోర్‌లో గుండ్ల బేరింగుల బదులు ద్రవపు బేరింగులు పెట్టి దాన్ని బాగా అణిచింది. సంతోషం. నా పేచీ అంతా కిటకిటను నొక్కేయడం గురించే. దాదాపు ఆ రోజుల్లోనే డిస్కుల్లోకి ఆటోమేటిక్ అకూస్టిక్ మేనేజ్‌మెంట్ అనే సదుపాయం వచ్చింది. 128 నుంచి 254 దాకా ఒక అంకె ఇవ్వాలి. 254 అంటే వేగం, 128 అంటే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎలా వస్తుందయ్యా అంటే, చెయ్యి నెమ్మదిగా కదులుతుంది. అంతే, ఇంకే మహిమా లేదు. పని ఆలస్యమైతే అవనీ, జరుగుతున్నట్టు మాత్రం వినపడకూడదు. (కొందరు మేనేజర్లు గుర్తొస్తున్నారు, పోనీండి.)

ఆ కిటకిటలో ఏముందంటారా? ఇంజనీరింగ్ రోజుల్లో డేటాబేసుల పాఠం నాకు పుస్తకంలో కన్నా ల్యాబ్ కేబినెట్ పక్కనే బాగా ఎక్కింది. టేబుల్‌ని మొదట్నుంచి చివరిదాకా వరసగా చదివితే డిస్క్ దాదాపు నోరెత్తదు. అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఏరుకుంటే కిటకిటలాడుతుంది. ర్యామ్ చాలక స్వాప్‌లోకి దిగితే ఊపిరి తీసుకోకుండా గింజుకుంటుంది, తెర మీద బాణం గుర్తు బిగుసుకుపోతుంది. సెకనుకి సుమారు వంద గెంతులు వెయ్యగలిగిన ప్రాణి అది. ప్రతి గెంతూ చెవిన పడేది గనక వృథా చెయ్యడానికి సిగ్గేసేది.

ఎస్సెస్డీ ఇదే పనిని వందల రెట్లు వేగంగా, కిక్కురుమనకుండా చేసేస్తుంది. నేనూ వాడతాను, దాన్ని తిట్టడం అవివేకం. కానీ లూపు లోపల క్వెరీ పెట్టి, ఒక్కసారి అడగాల్సింది పదివేలసార్లు అడిగినా ల్యాప్‌టాప్ ఇప్పుడు మూలగదు. రాసినవాడికి తెలియదు. తెలిసేది నెలాఖర్న, సర్వర్ బిల్లు చూసే మనిషికి. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ పనిచేస్తుంటే మినుకుమినుకుమనే చిన్న లైటు ఉండేది గుర్తుందా? అదీ పోయింది. లైటు ఎవరి నిద్ర చెడగొట్టిందని తీసేశారు?

డ్యాష్‌బోర్డులున్నాయిగా అంటారు. ఉన్నాయి, అడిగితే చెప్తాయి. అదీ ఎవరో ముందే ఊహించిన ప్రశ్నలకే. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టు సంగతే చూడండి. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను గమనించి ఒక పత్రం ప్రచురించారు. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచికల్లో ఒక్కటి కూడా సున్నా దాటకుండానే పోయాయి. అవన్నీ అరిచి చెప్పి పోయాయని నేననను, ఆ పత్రం చెవుల గురించి కాదు. కాకపోతే ఒక్క సాక్షినే నమ్ముకుని మిగతావాళ్ళ నోళ్ళు కుట్టేసేవాళ్ళు ఆ అంకెను కాస్త తీరిగ్గా చదవాలి. చెయ్యి తన చోటు దొరక్క వెనక్కొచ్చి మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ చేసే "టక్... టక్..." విన్నవాళ్ళకి వెంటనే కరెంటు తీసేసే అవకాశమైనా ఉంటుంది.

మా ఇంట్లో బ్యాకప్ డిస్క్ కింద రబ్బరు ముక్కలు లేవు, ఉట్టి చెక్కబల్ల మీద ఉంటుంది. మొన్నొక రాత్రి నా భార్య "ఏంటి, నీ డబ్బా ఇవాళ ఇంతసేపు కొట్టుకుంటోంది?" అంది. ఆవిడకి కంప్యూటర్ల గొడవ అక్కర్లేదు. చూస్తే, ఏదో అప్‌డేట్ తర్వాత బ్యాకప్ ప్రోగ్రాం మారిన ఫైళ్ళు మాత్రమే తీసుకోవాల్సింది పోయి మొత్తం మళ్ళీ మొదట్నుంచి కాపీ చేస్తోంది. తెర మీద మాత్రం పచ్చటి టిక్కు.

పాటలు రికార్డు చేసుకునేవాళ్ళూ, పీజీ హాస్టల్లో మంచం పక్కనే సీపీయూ పెట్టుకు పడుకునేవాళ్ళూ డిస్కుని ఎలాస్టిక్ తాళ్ళతో ఉయ్యాల కట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు చిరాకల్లా నిశ్శబ్దాన్ని నాగరికతగా అమ్మేవాళ్ళతో. ఎందుకంటే అది నిశ్శబ్దం కూడా కాదు. క్లౌడ్‌లో ఉన్న డేటాలో ఎక్కువ భాగం ఇప్పటికీ తిరిగే డిస్కుల మీదే ఉంది, మన గదిలోంచి వెళ్ళిపోయిందంతే. 2022 నవంబర్లో అమెజాన్ వాళ్ళ క్లౌడ్ రీజియన్ హైదరాబాద్‌లో మొదలైంది. అదే ఏడాది చివర్లో, మన తెలుగువాళ్ళు బాగానే ఉండే అరిజోనాలోని చాండ్లర్ నగరం, డేటా సెంటర్ల హోరు భరించలేమన్న జనం ఫిర్యాదుల తర్వాత వాటికి కొత్త నిబంధనలు పెట్టింది. అక్కడి హోరులో డిస్కుల వాటా కొంచెమే, శీతలీకరణ యంత్రాలదే పెద్ద గొంతు. డిస్కులూ సర్వర్లూ వేడెక్కకుండా చూడటానికే ఆ యంత్రాలు. వాటి మధ్య పనిచేసే టెక్నీషియన్లు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, పక్కనున్న మనిషితో సైగలతో మాట్లాడతారు.