గొంతు ఒకరిది, మాట ఒకరిది

మా దామరచర్ల వైపు పల్లెల్లో నా చిన్నతనాన విన్న శబ్దాల్లో ఇప్పటికీ చెవిలో మిగిలినది డప్పు చాటింపు. దీపాలు పెట్టేవేళ డప్పు మోగిందంటే అన్నం కలుపుతున్న చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. సాగర్ కాలవకు నీళ్ళొదిలే రోజు, పన్ను కట్టవలసిన గడువు, పశువులకు సూదులు వేసే తేదీ, అన్నీ ఆ గొంతులోనే వినేవాళ్ళం. ఊరందరిలోకీ పెద్ద గొంతు ఆయనది. అయితే ఆ చాటింపులో ఆయన సొంత మాట ఒక్కటైనా వుండేదా? వుండేది కాదు. మాట పైవాళ్ళది, గొంతు మాత్రం ఆయనది. తన వాడకు మంచినీళ్ళు రావడం లేదని ఆయన ఏనాడూ డప్పు కొట్టి చెప్పలేదు. చెప్పవచ్చునని ఆయనకూ తోచలేదు. చెప్పాలని మాకూ తోచలేదు.

డప్పు తరవాత మాకు తెలిసిన గొంతు రేడియోది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. హైదరాబాదులో నైజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఆ రెండు ఊళ్ళకూ నడుమ వున్న మాకు పాటలూ, నాటికలూ, పంటల సంగతులూ ఆ పెట్టెలోంచే వచ్చాయి. ఆ ఉపకారాన్ని తక్కువ చేసి చెప్పడం కృతఘ్నత అవుతుంది. అయినా మాట్లాడేది పట్నం, వినేది పల్లె. 1956లో పూనా కేంద్రం, యునెస్కో సహాయంతో, దాదాపు 150 గ్రామాల్లో రైతుల్ని రేడియో చుట్టూ కూర్చోబెట్టి, విన్నదాన్ని చర్చింపజేసింది. మంచి ప్రయత్నమే. కాని ఆ చర్చల సారాంశం మళ్ళీ కాగితమెక్కి పట్నానికే పోవలసి వచ్చింది. మైకు మాత్రం పల్లెకు రాలేదు.

అది రావడానికి దారి తీసింది, విచిత్రంగా, ఒక క్రికెట్ తగవు! ఆటను టెలివిజన్‌లో చూపించే హక్కు ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో జస్టిస్ పి.బి. సావంత్‌తోపాటు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి కూడా వున్నారు. ఆకాశంలో పోయే ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ఆ తీర్పు తేల్చింది. ప్రజల ఆస్తి అని తేలిన తరవాత కూడా అది ప్రజలకు చేరడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2002లో విద్యాసంస్థలకూ, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అనుమతి వచ్చింది.

అప్పటి మెదక్, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు దగ్గర మాచునూరు అనే పల్లె వుంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని దళిత స్త్రీలు అక్కడ 1998 ప్రాంతం నుంచే రికార్డింగు నేర్చుకున్నారు. వాళ్ళవి కూలీనాలీ చేసుకునే కుటుంబాలు. అప్పటికి ప్రసారానికి లైసెన్సు లేదు. లేకపోతేనేం? పదేళ్ళపాటు ఆ టేపుల్నే సంఘం సమావేశాల్లో పెట్టుకుని విన్నారు. 2008 అక్టోబరు 15న ‘సంఘం రేడియో’ ప్రసారం మొదలయింది. ప్రారంభించినది ఎవరనుకున్నారు? ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్‌గారే!

ఆ రేడియోను నడిపించినవాళ్ళలో ముఖ్యులిద్దరి పేర్లూ నర్సమ్మలే. వాళ్ళు చెప్పిన కబుర్లేమిటి? కొర్రలు, సజ్జలు, జొన్నలు, విత్తనం చెడకుండా దాచుకునే పద్ధతి, పండగ పాటలు, పిల్లల జబ్బులు. అదంతా వాళ్ళ ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులోనే. గొంతూ వాళ్ళదే, మాటా వాళ్ళదే.

ఈ కథను నేను ఒకరోజు తరగతిలో మహా ఉత్సాహంగా చెప్పాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. పల్లెనుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి వెనక బెంచీలోంచి లేచి, “వాళ్ళు గట్ల మాట్లాడితే రేడియోల ఏస్తున్నరు. మేం గట్లనే మాట్లాడితే మీరు తప్పని దిద్దుతరు గద సార్!” అన్నది.

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఆ నవ్వు గొంతు దిగలేదు. ఇన్నేళ్ళుగా నేను పోసిన ఎర్రసిరా అంతా ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. డప్పు పట్టుకున్నాయనకు సొంత మాట లేకుండా చేసింది ఊరైతే, ఈ పిల్లల మాటను కొట్టివేసింది నేను కాదూ?

దామరచర్ల మండలంలోనే, వీర్లపాలెం దగ్గర, 4000 మెగావాట్ల విద్యుత్కేంద్రం తలెత్తింది. కమ్యూనిటీ రేడియోకు అనుమతించే ప్రసారశక్తి మామూలుగా 100 వాట్లు. అంటే వెనకటి రోజుల్లో పెళ్ళి పందిట్లో వేలాడదీసిన పెద్ద బల్బు పాటి! చుట్టుపక్కల పది పదిహేను కిలోమీటర్లకు అది చాలు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికులతో కలిసి తయారు చేసినవి కావాలి. సొంతంగా వార్తలు చెప్పరాదన్న ఆంక్ష వుంది. అయితే కరెంటు, నీటి సరఫరా, వాతావరణం, ఊరి ఉత్సవాలు, ఆరోగ్య హెచ్చరికలు వంటివాటిని వార్తల కింద లెక్కించరు. ఊరికి కావలసినవి చాలామట్టుకు అవే గదా!

లైసెన్సుకు కాలేజీలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అది ఎప్పుడు అవుతుందో, ఎవరు పూనుకుంటారో ఇప్పుడే చెప్పలేను. మాచునూరు స్త్రీలు మాత్రం లైసెన్సుకోసం ఆగలేదు. అందుకని మరునాడు ఆ అమ్మాయినే పిలిచి, ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసి తెమ్మన్నాను.

తెచ్చింది. ఏడు నిమిషాలు. వాళ్ళ నాయనమ్మ తమ వాడకు నీళ్ళు ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయో, ఎన్ని బిందెలకు ఎంతసేపు నిలబడాలో చెబుతోంది. తరగతి అంతా విన్నాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ఎర్రసిరా కలం మూత తీయలేదు.