వంతెన దగ్గరే ఆగిన రాజు

కొడుక్కీ కోడలికీ మేడమీద వాటా ఇచ్చామని సంబరపడతాం. సరే, తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళడం మానేశామా?

టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ (1954-55) నవల అనుబంధంలో ఓ ముచ్చటుంది. అరగార్న్ మహారాజు తన ఏలుబడిలోని షైర్ సీమను అక్కడి హాబిట్లనే పొట్టివాళ్ళకు వదిలేశాడు. రక్షణ తనది, పెత్తనం వాళ్ళది. మనుషులెవరూ అందులో అడుగుపెట్టకూడదని శాసనం చేశాడు. తొమ్మిదేళ్ళకు తానే అటు వచ్చాడు. ప్రాణస్నేహితులున్న చోటు! అయినా నది వంతెన దగ్గరే ఆగి, వాళ్ళను అక్కడే పలకరించాడు.

ఇవ్వడం సులువే. ఇచ్చాక గడప దాటకుండా ఉండడమే పెద్దరికం. మరి మన మేడమెట్ల దగ్గర మనం ఆగగలమా? ఏమంటారు?