మత్తులో నోరు లేవదు, మెలకువలోనే అడగాలి

కొత్త మందు ఏదైనా ముందు ఎవరో ఒకరి ఒంటిమీద చూడాల్సిందే. ఇవాళ మన ఆడవాళ్లు పెద్దాసుపత్రిలో కడుపు కోసినా నొప్పి తెలియకుండా బిడ్డను కంటున్నారంటే, ఒకనాడు ఎవరో ఆ మత్తుమందును పరీక్షించబట్టే. కనుక పరీక్షలే వద్దని మేం అనడంలేదు. మేం అడిగేది ఒకటే: ఎవరి ఒంటిమీద? ఎవర్ని అడిగి?

ఈ ప్రశ్న పాతది. కాన్పు కష్టమై లోపల చిరిగి మూత్రం ఆగకుండా కారే జబ్బుకు ఆపరేషన్ కనిపెట్టినవాడని అమెరికా డాక్టరు మారియన్ సిమ్స్‌కు పేరు. 1845-49 మధ్య అలబామాలో ఆయన ప్రయోగాలు చేసింది నల్ల బానిస స్త్రీల మీద. అనార్కా, లూసీ, బెట్సీ అనే మూడు పేర్లే చరిత్రకు మిగిలాయి. ఒక్క అనార్కాకే 30 సార్లు కోశాడు, మత్తు లేకుండా. 1846 అక్టోబరులోనే బోస్టన్‌లో ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేసి లోకానికి చూపించారు. ఆ తర్వాత కూడా వీళ్లకు మత్తు అందలేదు. అనుమతి అడిగింది యజమానులను. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో సిమ్స్ విగ్రహాన్ని 2018లోగాని తీయలేదు.

మన హైదరాబాదుకూ ఈ చరిత్రలో చోటుంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనుషులు ఎందుకు చస్తున్నారో తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించగా 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెండో దానికి నిజాం డబ్బిచ్చాడు, లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరి, గుండె కాదు, ఊపిరిని కనిపెట్టి చూస్తే భయంలేదని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద పరీక్షించి, మత్తు పలచగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫాం వల్ల గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చని చూపించాడు. రాజు సొమ్ము, దొరల సంతకాలు ఉన్నంత మాత్రాన మాట తప్పకుండా ఉండదు. అందుకే "ఏం కాదులేమ్మా, ఇక్కడ వేలు పెట్టు" అన్నంతలో వేలు పెట్టొద్దు.

మత్తుమందు పరీక్షలో ఇంకో చిక్కుంది. మాత్ర మింగినవాడు ఒంట్లో బాగోకపోతే "రేపట్నుంచి నేను రాను" అనగలడు. పూర్తి మత్తులో ఉన్నవాడికి నోరు లేవదు. ఈ పరీక్షల్లో సాధారణంగా కొందరికి పాత మందు, కొందరికి కొత్త మందు ఇస్తారు. ఎవరికి ఏదో చీటీ తీసినట్టు తేలుస్తారు. తర్వాత బీపీ ఎంత పడింది, ఎంతసేపటికి తెలివొచ్చింది, వాంతులయ్యాయా అని రాసుకుంటారు. కనుక ఒప్పుకోవడమో వద్దనడమో మెలకువలోనే జరగాలి. పురిటి నొప్పుల్లో ఉన్న మనిషి చేత థియేటర్ గుమ్మం ముందు పెట్టించిన సంతకం ఒప్పుదల కాదు.

సంతకం సంగతి మనకు కొత్త కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఒక టీకా వేశారు. వాళ్లలో ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆపేశారు. పిల్లల చావులకు టీకాతో చాలావరకు సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. టీకాతో మాకు పేచీ లేదు. కాని పరిశీలించిన 9,543 ఒప్పుదల పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి. అమ్మానాన్నలు బతికుండగా వార్డెన్ ఎవరు? ఆనాటి అలబామాలో అడిగిందీ కన్నవాళ్లను కాదు, కాపలావాళ్లనే.

చట్టం లేదనకండి, ఉంది. కొత్త మందుల పరీక్షలకు 2019 రూల్స్ ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. చదువురాని మనిషైతే సంగతి చెబుతున్నంతసేపూ బయటి సాక్షి పక్కన ఉండి సంతకం చేయాలి. పత్రం నకలు రోగికి ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అందాల్సిన వైద్యం ఆగకూడదు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. వాడుకలో ఉన్న మందులతోనే పీజీ డాక్టర్లు తమ చదువు కోసం చేసే పరీక్షలకు కూడా కమిటీ అనుమతి, రోగి ఒప్పుదల ఉండాల్సిందే.

సంఘాల వాళ్లు ఈ మాట ప్రతి వాడలో చెప్పాలి. ఆపరేషన్‌కు పెట్టే సంతకం వేరు, పరీక్షకు పెట్టే సంతకం వేరు. రెండు కాగితాలిచ్చారా అని అడగండి. తెలుగులో చదివించుకోండి. ఇంటికెళ్లి మాట్లాడుకుని చెప్తామనండి. ఒద్దనుకుంటే ఒద్దనండి. ఆపరేషన్ మన హక్కు, పరీక్ష మన ఇష్టం. ఈ రెంటినీ ఒక్క వేలిముద్రతో కట్టెయ్యడానికి ఎవరికీ అధికారం లేదు.